ఒక చెయ్యి తక్కువైంది

గిల్డ్, అంటే ఆన్‌లైన్ ఆటలో కలిసి ఆడే జట్టు, వెతుక్కునేవాళ్లు తమ గురించి రెండు మూడు వాక్యాల్లో చెప్పుకోవడం ఆనవాయితీ. మొన్న రాత్రి పిల్లలు పడుకున్నాక నాదీ రాసుకున్నాను. "ప్రీస్ట్, హీలర్. 2005 నుంచి ఆడుతున్నాను. డాలస్ టైము ప్రకారం రాత్రి తొమ్మిదిన్నర దాటాక, వారానికి రెండు రోజులు. క్యాజువల్ గిల్డ్ కావాలి." ఆ చివరి వాక్యం దగ్గర చెయ్యి ఆగింది. ఇంతకీ నేనేం అడుగుతున్నాను?

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఈ మాటకి స్థిరపడిన అర్థం ఒకటుంది. హార్డ్‌కోర్ కానిది క్యాజువల్. హాజరు పట్టీ ఉండదు, ఫలానా రాత్రి ఫలానా గంటకి రాకపోతే కొంపలు మునగవు. కానీ నాకు ఆ మాట ఆట నుంచి రాలేదు. మా ఇంట్లో అది సీ.ఎల్. రూపంలో ఎప్పట్నుంచో ఉంది. నాన్న గుంటూరు జిల్లాలో బడిపంతులు. ఏడాదికి పదిహేను సీ.ఎల్.లు. డిసెంబరు వచ్చేసరికి ఎన్ని మిగిలాయో వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాడు, ఎందుకంటే అవి మరుసటి ఏడాదికి జమ కావు. ఒకసారి ఆయన చెప్పిన రూలు నాకు చిత్రంగా తోచింది. సర్కారు దృష్టిలో క్యాజువల్ లీవు అసలు సెలవే కాదట. ఆ రోజు మనిషి బడికి రాడు, అయినా డ్యూటీలో లేనట్టు కాదు. "రాకపోయినా ఉన్నట్టేరా" అన్నాడు.

ఇరవయ్యేళ్ల ఆట తర్వాత తెలుస్తోంది, నేను వెతుకుతున్నది ఆ రూలు ఉన్న గిల్డునని.

2005లో నేను డాలస్‌లో ముగ్గురు తెలుగు కుర్రాళ్లతో కలిసి అపార్ట్‌మెంటులో ఉండేవాణ్ణి. ఆట వచ్చి ఏడాది కూడా కాలేదు. మోల్టెన్ కోర్ అనే అగ్నిగుహలోకి నలభై మంది కలిసి వెళ్లాలి. నలభై మందిని ఒకే రాత్రి, ఒకే గంటకి కూర్చోబెట్టడం ఎంత కష్టమో ఊళ్లో నాటకం వేయించినవాళ్లకి తెలుస్తుంది. అందుకని లెక్కల పుస్తకం పుట్టింది. దాన్ని డీకేపీ అనేవాళ్లు, అంటే డ్రాగన్‌ని చంపినందుకు పాయింట్లు. అంతకుముందు ఎవర్‌క్వెస్ట్ ఆడినవాళ్లు కనిపెట్టిన పద్ధతి. వచ్చిన ప్రతి రాత్రికీ పాయింట్లు పడతాయి, మంచి వస్తువు దొరికినప్పుడు వాటితో పాడుకోవాలి. మా అమ్మ నడిపిన చీటీపాటకి ఇది మేనత్త కూతురు. నాకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

తోటివాళ్ల ప్రాణాలు కాచే హీలర్ చూసేది యుద్ధాన్ని కాదు. తెర మీద నలభై చిన్న డబ్బాలుంటాయి, ఒక్కో దాంట్లో ఒక మనిషి ప్రాణం ఒక గీతగా తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. కళ్లు వాటి మీదే. నలభైలో ముప్పై మంది అసలు పేర్లు నాకు తెలీవు గానీ, ఎవరి గీత ఎప్పుడు పడుతుందో తెలుసు. తొందరపడి ముందుకురికేవాడెవడో, చచ్చేదాకా మందు తాగని పిసినారి ఎవడో గీత చూసి చెప్పగలిగేవాణ్ణి. మనుషుల్ని తెలుసుకోవడానికి ఇదీ ఒక మార్గమే. మరీ చెత్తదేం కాదు.

ఆ మొదటి గిల్డులో ఉండగా ఒక వారం నేను వెళ్లలేదు. అమ్మని ఆస్పత్రిలో చేర్చారు. ఆపరేషనుకి ముందూ తర్వాతా నేను ఫోను పట్టుకునే ఉన్నాను. తిరిగొచ్చిన రాత్రి గిల్డ్ ఆఫీసరు నుంచి విస్పర్, అంటే నాకొక్కడికే కనబడే మెసేజి, వచ్చింది: చెప్పకుండా మానేసినందుకు పాయింట్లు కోశామని. అతని తప్పేం లేదు, రూలు అందరికీ ఒకటే, నేను నిజంగానే చెప్పలేదు. కానీ ఆ వాక్యంలో ప్రశ్న లేదు. ఏమైందని ఎవరూ అడగలేదు. నెలలోపు బయటికొచ్చేశాను.

ఆ తర్వాత చేరింది అచ్చమైన క్యాజువల్ గిల్డు. వందల మంది సభ్యులు. పచ్చ అక్షరాల్లో గిల్డ్ చాట్ జలజలా పారుతుండేది. ఎవరెప్పుడు వచ్చినా సరే, ఎప్పుడు పోయినా సరే. పెళ్లికని ఇండియా వెళ్లి మూడు నెలలు లాగిన్ కాలేదు. తిరిగొచ్చి హాయ్ అంటే, నిన్ననే కలిసినట్టు పదిమంది హాయ్ అన్నారు. మొదటి క్షణం బాగుంది. తర్వాత అర్థమైంది, నేను పోయినట్టు వాళ్లకి తెలియనే లేదని. మొదటి గిల్డులో నేను రాకపోతే తప్పు, ఇక్కడ రాకపోతే ఏమీ కాదు. రెండింటిలో ఏది నయమో ఇప్పటికీ చెప్పలేను. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, పాయింట్లు కోసినవాళ్లకి కనీసం నా ఖాళీ కనబడింది.

నా తిప్పలకి కారణం తర్వాత ఒక వ్యాసంలో దొరికింది. రాసింది రిచర్డ్ బార్ట్‌ల్, 1978లో ఇంగ్లండులో ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టిన మడ్ అనే ఆటని అతనితో కలిసి తయారుచేసినాయన. తెర మీద అక్షరాలు తప్ప బొమ్మల్లేని రోజుల ఆట అది. 1996లో ఆటగాళ్లని పేకముక్కల్లా నాలుగు జాతులు చేస్తూ వ్యాసం రాశాడు. సాధించేవాళ్లు డైమను, ఊళ్లు తిరిగి వింతలు వెతికేవాళ్లు ఇస్పేటు, మనుషుల కోసం వచ్చేవాళ్లు ఆఠీను, ఎదుటివాణ్ణి పడగొట్టడానికే వచ్చేవాళ్లు కళావరు. అది చదివినప్పుడు నా రోగమేంటో తెలిసింది. ఆఠీను ముక్కని, డైమన్ల చేతిలోకి పోయాను. తప్పు పేకది కాదు.

పేక అంటే మళ్లీ నాన్నే గుర్తొస్తాడు. బడి వదిలాక మా వీధిలో ఒక అరుగు మీద సాయంత్రం రమ్మీ సాగేది. ఆరుగురు. పందెం పేరుకే, గెలిచినా ఓడినా ఒక సోడా ఖర్చు. రే ఓల్డెన్‌బర్గ్ అనే అమెరికన్ సోషియాలజిస్టు ఇల్లూ పనీ కాని చోటుకి మూడో చోటు అని పేరు పెట్టి 1989లో పుస్తకం రాశాడు. స్టైన్‌క్యూలర్, విలియమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఆన్‌లైన్ ఆటలు కూడా అలాంటి చోట్లేనన్నారు. వాళ్లు కాఫీ దుకాణాన్నో బారునో తలుచుకుంటారు గానీ, నాకు అరుగే సరైనది. అది ఇంటిదీ కాదు, వీధిదీ కాదు. ఎక్కడానికి అడగక్కర్లేదు, దిగడానికి చెప్పక్కర్లేదు.

కానీ చెప్పకుండా దిగినవాణ్ణి అరుగు వదిలేసేది కాదు. ఒక మాస్టారు రెండు రోజులు రాకపోతే ముక్కలు పంచబోతూ ఎవరో ఒకరు ఆగేవారు. "ఒరేయ్, ఒక చెయ్యి తక్కువైంది. మాస్టారు ఎందుకు రాలేదో కనుక్కురా." ఆ పరుగు నాదే. నాకప్పుడు ఏడెనిమిదేళ్లుంటాయి. తలుపు దగ్గర నిలబడి, "మిమ్మల్ని కనుక్కురమ్మన్నారండీ" అనేవాణ్ణి. ఒకసారి జ్వరం, ఒకసారి కూతురి సంబంధం, ఒకసారి ఉత్తి చిరాకు. నేను తిరిగొచ్చి చెప్పేవాణ్ణి, వాళ్లు తలూపి ఆట కొనసాగించేవారు. వాళ్లు అడిగిన తీరులో నిలదీయడం లేదు. ఆరా తీయడమూ కాదు. పరామర్శ అంటే మరీ బరువు. కనుక్కోవడం, అంతే.

ఆటలో ఆ పరుగు ఎందుకు పోయిందని అడిగితే పాత ఆటగాళ్లు చాలామంది 2009 డిసెంబరుని చూపిస్తారు. డంజన్ ఫైండర్ వచ్చిన నెల అది. అంతకుముందు ఊరి మధ్యలో నిలబడి హీలర్ కావాలని కేకలు వేయాలి, దొరికాక అందరూ గ్రిఫిన్ మీద ఎగిరి, గుహదాకా నడిచి వెళ్లాలి. ఆ ప్రయాణంలో మాటలు పుట్టేవి. ఓడిపోతే అందరం దయ్యాలమై శ్మశానం నుంచి మా శవాల దగ్గరికి పరుగెత్తేవాళ్లం, నా స్నేహాల్లో సగం ఆ దయ్యాల పరుగులో పుట్టినవే. ఫైండర్ వచ్చాక బటన్ నొక్కితే చాలు, ఎవరో నలుగురితో లోపల తేలతాం. పని కాగానే ఎవరి దారి వారిది. నిజమే. కానీ ఆ బటన్ని అందరికంటే ముందు నొక్కింది నేను. ఇంట్లో నాలుగు నెలల పిల్ల, చేతిలో నలభై నిమిషాలు. ఆ బటన్ లేకపోతే అప్పుడే ఆట మానేసేవాణ్ణి. కాబట్టి కంపెనీని తిట్టే గుంపులో నేను చేరలేను.

కనుక్కోవడం గురించి మళ్లీ ఆలోచించింది 2024లో బెంజమిన్ రే తీసిన డాక్యుమెంటరీ చూసినప్పుడు. మాట్స్ స్టీన్ అనే నార్వే కుర్రాడి కథ. కండరాలు క్షీణించే డుషెన్ వ్యాధి. 2014లో, ఇరవై అయిదేళ్ల వయసులో పోయాడు. బిడ్డ ఒంటరిగా బతికి పోయాడనుకున్న తల్లిదండ్రులు అతని బ్లాగులో చావు కబురు పెడితే, ఎవరెవరి నుంచో ఉత్తరాలు రావడం మొదలైంది. వార్‌క్రాఫ్ట్‌లో ఇబెలిన్ అనే పేరుతో, స్టార్‌లైట్ అనే గిల్డులో అతనికి ఇంకో జీవితం ఉండేది. గిల్డువాళ్లు కొందరు వేరే దేశాల నుంచి అంత్యక్రియలకు వచ్చారు. అందరూ ఏడ్చేది ఈ చోటనే, నేనూ ఏడ్చాను. కానీ నన్ను పట్టుకున్నది వేరే సంగతి. కబురు వాళ్లకి చేరింది ఇంట్లోవాళ్లు రాయబట్టి. రాయకపోతే? ఒక పేరు పక్కన రోజులు పెరుగుతూ పోయేవి. ఎవరైనా కనుక్కునేవారేమో. స్టార్‌లైట్ లాంటి గిల్డు కనుక్కునే ఉండేదని నా నమ్మకం. నా గిల్డు సంగతే చెప్పలేను.

పెరుగుతూ పోయే రోజులు కవిత్వం కాదు. గిల్డ్ పట్టిక తెరిస్తే ప్రతి పేరు పక్కన ఆఖరిసారి ఎప్పుడు వచ్చారో ఉంటుంది. కొత్త గిల్డులో చేరాలంటే ముందు పాతది వదలాలి, ఒక పాత్రకి ఒకటే గిల్డు. అందుకే ఆ రాత్రి ప్రకటన పక్కన పెట్టి, ఎన్నో ఏళ్లుగా చూడని మా క్యాజువల్ గిల్డు పట్టిక తెరిచాను. నేను ఒక్కణ్ణే వెలుగుతున్నాను. మిగతావన్నీ బూడిదరంగు. అన్నీ ఏళ్లకేళ్లు. అన్నిటికంటే తక్కువ ఆరేళ్ల రెండు నెలలు.

ఆ ఆరేళ్ల రెండు నెలలు మా పాలడిన్‌ది. మా ట్యాంకు, అంటే అందరికంటే ముందు నిలబడి దెబ్బలు కాచేవాడు. అతని గీత నాకు కంఠతా వచ్చు. తొమ్మిదింటికి "పిల్లల్ని పడుకోబెట్టి వస్తా" అని పోయి, పావుగంటలో వచ్చేవాడు. చివర్లో మిగిలింది మేమిద్దరమే. ఒకరోజు అతను రాలేదు. నాలుగు రోజులు చూసి నేనూ పట్టిక చూడ్డం మానేశాను. ఇన్నేళ్లూ ఆ గిల్డు నన్ను పట్టించుకోలేదనే అనుకుంటూ వచ్చాను. కనుక్కురమ్మని పంపడానికి అక్కడ ఎవరూ లేరు నిజమే. పరుగెత్తాల్సిన కుర్రాడు మాత్రం ఉన్నాడు.

ఆటలో పోస్టాఫీసుంది. ఉత్తరం రాశాను, ఇంగ్లీషులోనే. మనకి ఒక మనిషి తక్కువయ్యాడని మొదలుపెట్టి, మనకి అంటే ఎవరికని నవ్వొచ్చి కొట్టేశాను. ఎలా ఉన్నావు, పిల్లలు పెద్దవాళ్లయ్యుంటారు, అని రాశాను. ఉత్త ఉత్తరం ముప్పై రోజుల్లో ఎవరూ తీయకపోతే మాయమైపోతుంది. లోపల ఏదైనా పెడితే, తీయకపోతే తిరిగి మనకే వస్తుంది. అందుకని ఒక్క రాగి నాణెం పెట్టాను.

ఇవాళ్టికి పదకొండో రోజు. ప్రకటన ఇంకా పెట్టలేదు.