అనుమతి ఇస్తే హక్కు ఇచ్చినట్లేనా?

పాశ్చాత్య స్త్రీ గురించి మన సభల్లో, మన పత్రికల్లో సాధారణంగా రెండే మాటలు వినిపిస్తాయి. ఆమె సంకెళ్ళన్నీ తెంచుకుందని కొందరంటారు. ఇల్లూ సంసారం పోగొట్టుకొని వీధిన పడిందని మరికొందరంటారు. ఈ రెండు మాటల్లో ఏదీ ఆమెను అడిగి చెప్పినది కాదు. అందుకే ఒక దేశాన్ని తీసుకొని, అక్కడ నిజంగా జరిగిందేమిటో కాస్త నిదానంగా చూద్దాం. ఆ దేశం జర్మనీ.

జర్మన్ స్త్రీలు జాతీయ ఎన్నికల్లో తొలిసారి ఓటు వేసింది 1919 జనవరిలో. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి నగరాలు శిథిలాల గుట్టలయ్యాయి. మగవాళ్ళలో ఎందరో చనిపోయారు, ఎందరో శత్రువుల చేతిలో ఖైదీలయ్యారు. ఇటుకలు ఏరినవాళ్ళలో స్త్రీలూ ఉన్నారు. రేషన్ కోసం బారులు తీరినవాళ్ళలో, పిల్లల్ని సాకినవాళ్ళలో ఎక్కువ మంది స్త్రీలే. అయితే కొత్త రాజ్యాంగం రాయడానికి 1948లో కూర్చున్న 65 మంది సభ్యుల్లో స్త్రీలు నలుగురే. వారిలో ఒకరు ఎలిజబెత్ జెల్బర్ట్ అనే న్యాయవాది. స్త్రీపురుషులు సమాన హక్కులు గలవారని రాజ్యాంగంలో ఒక్క వాక్యం రాయాలని ఆమె పట్టుబట్టారు. మొదట ఆ ప్రతిపాదన వీగిపోయింది. ఆమె ఊరూరా తిరిగి మాట్లాడారు, స్త్రీలు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. చివరకు 1949లో ఆ వాక్యం రాజ్యాంగంలో చేరింది.

వాక్యం చేరినంత మాత్రాన సంసారం మారుతుందా? 1900 నుంచి అమల్లో ఉన్న పౌరస్మృతి ప్రకారం కాపురానికి సంబంధించిన విషయాల్లో చివరి మాట భర్తదే. భార్య తెచ్చుకున్న ఆస్తి అజమాయిషీ, దానిపై వచ్చే రాబడి కూడా సాధారణంగా భర్త చేతిలోనే ఉండేవి. భార్య ఆస్తి భార్యదేనని పద్నాలుగు శతాబ్దాలుగా వింటున్న మనకు ఇది వింతగా తోచవచ్చు. తోచనివ్వండి. కాని గర్వపడే ముందు, మన ఇళ్ళలో ఎందరు అక్కచెల్లెళ్ళకు తండ్రి ఆస్తిలో వాటా నిజంగా చేతికందిందో లెక్క చూసుకోవటం మంచిది.

రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టాలను సవరించడానికి 1953 మార్చి 31 వరకు గడువు ఇచ్చారు. ఆ గడువు కూడా దాటిపోయింది. కొత్త చట్టం 1958 జూలై 1న గానీ అమల్లోకి రాలేదు. అందులోని ఒక షరతు దగ్గరే మనం ఆగాలి. భార్య ఉద్యోగం చేయవచ్చు, అయితే కాపురపు బాధ్యతలకూ కుటుంబ బాధ్యతలకూ భంగం కలగనంత వరకే. ఇది 1977 వరకు అమల్లో ఉంది. భంగం కలిగిందో లేదో కొలిచేదెవరు? భర్త ఉద్యోగానికి ఆ కొలబద్ద ఎందుకు లేదు? ఒకరికి బేషరతుగా ఉన్నది మరొకరికి షరతుతో దక్కితే దాన్ని హక్కు అనలేం. అది అనుమతి. అనుమతి ఇచ్చినవాడు దాన్ని వెనక్కి కూడా తీసుకోగలడు.

తూర్పు జర్మనీ దీనికి పూర్తిగా భిన్నమైన దారి పట్టింది. ఆ రాజ్యం ముగిసే నాటికి అక్కడి స్త్రీలలో దాదాపు పదిమందికి తొమ్మిదిమంది పనిలోనో, శిక్షణలోనో ఉన్నారు. పసిపిల్లలను చూసుకోవడానికి శిశుశాలలు ఉండేవి. అంతా బాగానే ఉందనిపిస్తుంది. అయితే అక్కడ నెలకొక రోజు జీతంతో ‘ఇంటిపని సెలవు’ ఉండేది. దాన్ని ఇచ్చింది ప్రధానంగా స్త్రీలకే, పురుషులకు అరుదైన సందర్భాల్లోనే. ఫ్యాక్టరీలో సమానత్వం ఉన్నా ఇంట్లో బట్టలు ఆమె కోసమే ఎదురుచూస్తున్నాయని ప్రభుత్వమే ఒప్పుకున్నట్లు కాదా? పశ్చిమం ఆమెను ఇంట్లో ఉండమంది, తూర్పు ఫ్యాక్టరీకి రమ్మంది. నీకేం కావాలని ఇద్దరూ అడగలేదు.

పసివాళ్ళను వదిలి ఉద్యోగానికి వెళ్ళే తల్లిని నిందించటానికి జర్మన్ భాషలో ‘బొంతకాకి తల్లి’ అనే మాట ఉంది. మన తెలుగులోనేమో కాకిపిల్ల కాకికి ముద్దు! పక్షి విషయంలో కూడా మనుషులు తమకు నచ్చిన తీర్పే చెబుతారు కాబోలు.

పిల్లల్ని పెంచటం పనేనని ఆ దేశం ఆలస్యంగానైనా ఒప్పుకుంది. 1986 నుంచి బిడ్డను పెంచిన కాలాన్ని తల్లి పెన్షన్‌లో లెక్కకట్టడం మొదలుపెట్టారు. అయితే 1921కి ముందు పుట్టిన తల్లులను మొదట వదిలేశారు. శిథిలాల మధ్య పిల్లల్ని సాకినవారిలో ఎక్కువ మంది ఆ తరంవారే. వాళ్ళు నిరసన తెలిపాకే వాళ్ళకూ దారి దొరికింది. 2007లో తండ్రి కూడా సెలవు తీసుకునేలా ప్రోత్సహించే భత్యం వచ్చింది. 2013 నుంచి ఏడాది నిండిన ప్రతి బిడ్డకూ సంరక్షణ పొందే చట్టబద్ధ హక్కు ఉంది. 2005 నుంచి 2021 వరకు దేశాన్ని నడిపింది ఒక స్త్రీ, ఏంజెలా మెర్కెల్. అయినా 2022లో ప్రభుత్వం జరిపిన సర్వే ప్రకారం జీతం లేని పనికి స్త్రీ వారానికి దాదాపు 30 గంటలు వెచ్చిస్తే, పురుషుడు వెచ్చించింది 21 గంటల లోపే.

ఇక మన సోదరీమణులకు సంబంధించిన విషయం. 1998లో బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం ఫెరెష్తా లుదిన్ అనే ఉపాధ్యాయురాలిని హిజాబ్ కారణంగా ఉద్యోగంలోకి తీసుకోలేదు. ఇలా నిషేధించడానికి చట్టం ఆధారం ఉండాలని 2003లో రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. దాంతో పలు రాష్ట్రాలు ఆ చట్టాన్నే చేసేశాయి! ఉపాధ్యాయినులపై ఇటువంటి గంపగుత్త నిషేధం చెల్లదని అదే న్యాయస్థానం 2015లో తీర్పు చెప్పింది. ఆ చట్టాలు ప్రధానంగా బోధించే స్త్రీ గురించే మాట్లాడాయి. బడి గదులు ఊడ్చే స్త్రీ తలమీది వస్త్రం ఏ శాసనసభనూ కలవరపెట్టలేదు. 1958 నాటి షరతే ఇక్కడ వేషం మార్చుకొని వచ్చింది: నీకు స్వేచ్ఛ ఉంది, అది మా స్వేచ్ఛలా కనిపించినంత వరకు.

ఈ మాట అనేసి మనం తప్పించుకోలేం. అన్నయ్య కోపానికి భయపడి తల కప్పుకున్న అమ్మాయిని కూడా ఎవరూ అడగలేదు. దైవప్రవక్త (సఅసం) తమ ఇంటిపనుల్లో స్వయంగా పాలుపంచుకునేవారని మన వక్తలు చెబుతూనే ఉంటారు. ‘ఇస్లాంలో స్త్రీ స్థానం’ మీద సభ జరిగిన రోజున, హాలులో మైకు మోగుతుంటే, వెనక వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్నవారెవరో, వాళ్ళ చెవిన ఆ ప్రసంగం ఎంత పడిందో మేమూ ఎన్నడూ కనుక్కోలేదు.