తండ్రిని ప్రభువు అడిగిన ప్రశ్న

ధ్యానభాగము: మార్కు 9:14–29



కొండ దిగి వచ్చిన మన ప్రభువునకు ఎదురైనది ఒక వాదము. శాస్త్రులు ఒక వైపు, శిష్యులు ఒక వైపు, చుట్టును జనసమూహము. ఆ వాదమునకు కారణమైన బిడ్డ మాత్రము ఎవరికిని పట్టలేదు. ప్రభువు ఆ బిడ్డను తనయొద్దకు తెప్పించుకొనెను. వానిని బాగుచేయుటకు ముందు తండ్రివైపు తిరిగి, ఈ బాధ ఎన్నాళ్లనుండి యున్నదని అడిగెను. ఈ చిన్న ప్రశ్నను మనము తరచు దాటిపోవుదుము.

ఆ బిడ్డ బాధ వేరు. మన యిండ్లలో ఎదుగుదల ఆలస్యమైన పసిబిడ్డలకు దురాత్మ పట్టినదని ఈ భాగమునుబట్టి ఎవరును తలంపరాదు. మనము నేర్చుకొనవలసినది ఆ తండ్రియెడల ప్రభువు నడుచుకొనిన రీతి.

మొదటిది, ఆయన తండ్రి మాట వినెను. సమస్తము ఎరిగినవాడు, ఎరుగనివానివలె అడిగెను. తోటి పిల్లలు పరుగెత్తుచుండగా తన బిడ్డ ఇంకను గోడ పట్టుకొనియే నిలుచుట తల్లి అందరికంటె ముందు చూచును. ఆ సంగతి ఆమె నోరు తెరచి చెప్పినప్పుడు ఏమి వినుచున్నది? “వాళ్ల నాయనకును మాటలు ఆలస్యముగానే వచ్చెను” అని ఒకరు. “గ్రహణమునాడు బయటికి వచ్చియుందువు” అని ఒకరు. “ప్రార్థన చాలదు” అని మరియొకరు. పుట్టు గ్రుడ్డివానిని చూచి ఎవరి పాపమని శిష్యులడిగిన ప్రశ్నకు ప్రభువు ఏమి జవాబిచ్చెనో యోహాను 9వ అధ్యాయములో చదువుచున్నాము. వానిదియు కాదు, కన్నవారిదియు కాదు. ప్రభువు మోపని నేరమును మనము ఒక తల్లిమీద మోపవచ్చునా?

రెండవది, ఆయన బిడ్డను తీసికొని రమ్మనెను. జబ్బు పేరు తెలిసిన తరువాత రమ్మనలేదు. నేడు అనేక తల్లిదండ్రులను క్రుంగదీయునది ఈ పేరు లేని స్థితియే. అయిదేండ్లలోపు పసివారి బుద్ధిని సరిగా కొలుచుట కష్టము గనుక, వైద్యులు పలుమారు వికాస జాప్యమని మాత్రమే చెప్పుదురు. అన్ని పరీక్షలు చేయించినను కొందరి విషయములో కారణము తెలియదు. అయినను పేరు కొరకు కాచుకొనక శిక్షణ మొదలు పెట్టవచ్చును. పసితనములో మొదలు పెట్టుటయే మేలు. ఏడాది నిండినను పేరు పెట్టి పిలిచినప్పుడు తిరిగి చూడకున్నను, 18 నెలలకు నడువకున్నను, రెండేండ్లకు రెండు మాటలు కలిపి పలుకకున్నను, వచ్చిన మాటలు పోయినను, వెంటనే వైద్యునికి చూపవలెను. మాటలు రాని బిడ్డకు ముందుగా వినికిడి పరీక్ష చేయించవలెను. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలలో పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. బుద్ధి వికాసములో వెనుకబడినవారి కొరకు 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ మన సికింద్రాబాదులోనే యున్నది. ఇట్టి చోట్లకు పోవుట అవిశ్వాసము కాదు. బిడ్డను చేతులతో ఎత్తుకొని పోవుటయు ప్రార్థనయే.

మూడవది, సగము నమ్మికతో వచ్చిన తండ్రిని ఆయన త్రోసివేయలేదు. నమ్ముచున్నాననియు, తన అపనమ్మికకు సహాయము కావలెననియు అతడు ఒక్క ఊపిరిలో మొరపెట్టెను. రాత్రులు నిద్రలేని తల్లిదండ్రుల ప్రార్థన అట్లే యుండును. అది ప్రభువునకు చాలినది.

ఆనాడు ఆ బిడ్డ బాగుపడెను. మన బిడ్డలందరికి అట్లే జరుగునని మేము వ్రాయజాలము. కొందరు ఆలస్యముగానైనను నడుతురు, పలుకుదురు. కొందరికి బ్రదుకంతయు ఆసరా కావలెను. అయితే ప్రభువు వాని చెయ్యి పట్టి లేవనెత్తెనని సువార్తికుడు వ్రాసెను. చెయ్యి పట్టుట మన చేతనగును.

ఆరాధనలో బిడ్డ కేకవేయగా తల్లి తలుపుదగ్గరి చాపమీదికి జరుగుచున్నదా? వెనుకకు తిరిగి చూడక, ఆమె ప్రక్కన పోయి కూర్చుండుడి. ఆస్పత్రికి పోవు దినమున పెద్దబిడ్డను మీ యింట ఉంచుకొనుడి. బస్సు ఖర్చునకు తోడ్పడుడి. ఆదివారపు బడిలో వానికి చోటియ్యుడి. క్రిస్మసు నాటకములో మాట లేని గొఱ్ఱెలకాపరి వేషమైనను ఇయ్యుడి. సలహా చెప్పుటకు ముందు, ప్రభువువలె, ఎన్నాళ్లనుండి అని అడిగి, చెప్పినంతసేపు వినుడి.

బిడ్డలను ఎత్తుకొని ఆశీర్వదించిన ప్రభువు, పేరు తెలియని భారము మోయుచున్న ప్రతి తల్లికిని తండ్రికిని బలము ననుగ్రహించునుగాక. ఆమేన్.