ఆటకీ ఒక ఒడ్డు ఉండాలి

 

"గేమ్స్ ఆడితే తప్పా?" మన వయసువాళ్లలో చాలామందికి ఉన్న డౌట్ ఇది. ఈరోజు ఒక్క రకం గేమ్స్ గురించే మాట్లాడుకుందాం. కలిసి ఆడేవి, కో-ఆప్ గేమ్స్.

ముందు వాటిలో మంచేంటో ఒప్పుకుందాం. 2008లో వచ్చిన 'లెఫ్ట్ 4 డెడ్'లో నలుగురు ఉంటారు. హంటర్ మీదపడి నొక్కేస్తే మనంతట మనం విడిపించుకోలేం, పక్కవాడు రావాల్సిందే. 2021లో వచ్చిన 'ఇట్ టేక్స్ టూ' అయితే ఒంటరిగా ఆడటమే కుదరదు. విడిపోదామనుకున్న భార్యాభర్తల కథ అది. మొదట్లో ఆమెకి సుత్తి ఇస్తారు, అతనికి మేకులు. రెండూ కలిస్తేనే దారి. "నేనొక్కడినే చాలు" అనే అహంకారం అక్కడ పనిచేయదు.

ఇది మనకి కొత్తేం కాదు. వాల్మీకి రామాయణంలో సేతువు కట్టిన లెక్క చూడండి. మొదటి రోజు 14 యోజనాలు, తర్వాత 20, 21, 22, ఐదో రోజు 23. మొత్తం 100. రోజులు గడిచేకొద్దీ అలసట పెరగాలి కదా, అక్కడ పని పెరిగింది! విద్య తెలిసినవాడు నలుడు. కానీ రాళ్లూ చెట్లూ మోసింది వానరులందరూ. కలిసి పనిచేయడంలో ఉన్న ఆనందం అది. గేమ్‌లో మనకి తగిలేది ఆ రుచే.

మరి ఇబ్బంది ఎక్కడ? మనల్ని కలిపిన ఆ బంధమే మనల్ని లేవనివ్వదు. ఒంటరిగా ఆడే గేమ్ అయితే ఆపేసి లేవచ్చు. స్క్వాడ్‌లో మనం లేస్తే మిగతా ముగ్గురూ ఇరుక్కుంటారు. అమ్మ అన్నానికి పిలిస్తే "ఒక్క నిమిషం అమ్మా" అంటాం. అక్కడ పడిపోయినవాణ్ణి లేపడానికి తుపాకులకి ఎదురెళ్తాం. ఇక్కడ నాన్న గ్యాస్ సిలిండర్ మోస్తుంటే తలెత్తి చూడం.

ఇంకోటి, నోటి మాట. ఎవడైనా పొరపాటు చేశాడా, ఇక తిట్లే. సముద్రం ముందు అందరూ దిగాలుగా ఉన్నప్పుడు జాంబవంతుడు హనుమంతుణ్ణి తిట్టలేదు. ఆయన బలం ఆయనకి గుర్తుచేశాడు. టీమ్‌మేట్ అంటే అదీ!

సేతువుకి అవతలి ఒడ్డు ఉంది. ఐదో రోజుకి పని అయిపోయింది. ఆన్‌లైన్ స్క్వాడ్‌కి ఆ ఒడ్డు లేదు, ఒక మ్యాచ్ అవ్వగానే ఇంకోటి రెడీ. అందుకే ఒడ్డు మనమే పెట్టుకోవాలి. గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు ఏమన్నాడు? తిండి, విహారం, పని, నిద్ర, మెలకువ తగినంతగా ఉన్నవాడికి యోగం దుఃఖాన్ని పోగొడుతుంది అన్నాడు. విహారం మానేయమనలేదు, మితం చెప్పాడు.

ఈ వారం ఒక పని చేద్దాం. ఆట మొదలుపెట్టకముందే స్క్వాడ్‌కి చెప్పేయండి: "రెండు మ్యాచ్‌లే, పదిన్నరకి లేచిపోతా." ముందే చెప్తే ఎవరినీ మధ్యలో వదిలేసినట్టు అవ్వదు, మాట మీద నిలబడ్డట్టు అవుతుంది. లేచాక ఇంట్లోవాళ్లు "కాస్త ఇటు రా" అంటే, వాళ్లూ మన టీమే అనుకుని వెళ్లండి. హాస్టల్‌లో ఉన్నవాళ్లు ఇంటికి ఒక ఫోన్ చేయండి.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం. జై శ్రీరామ్!