అక్షరం పుడుతుందా, పొడచూపుతుందా

పలికిన శబ్దం అప్పటికప్పుడు పుట్టి నశిస్తుందని న్యాయ దర్శనం వారైన నైయాయికులు వాదించగా, వర్ణం నిత్యమేననీ, పలుకు దానిని అభివ్యక్తం మాత్రమే చేస్తుందనీ, అంటే మరుగున ఉన్నదానిని వెలుపలికి తెస్తుందనీ మీమాంసకులు నిలబడ్డారు. ఈ వాదానికి విద్యుత్ కాగితపు తెర, అంటే ఈ-పేపర్, చక్కని దృష్టాంతం.

1997లో అమెరికాలో ఏర్పడిన 'ఈ-ఇంక్' సంస్థ సిరాలో వెంట్రుక మందపు గుళికలు లక్షలాదిగా ఉంటాయి. ఒక్కొక్క గుళికలోని తేట ద్రవంలో తెల్లని, నల్లని రేణువులు పరస్పర విరుద్ధమైన విద్యుదావేశంతో తేలుతుంటాయి. ఆ గుళికలు పూసిన పలుచని ప్లాస్టిక్ రేకును, చుక్కచుక్కకూ విడివిడిగా విద్యుత్తు అందించే ట్రాన్సిస్టర్ల పలక మీద జిగురు పొరతో, రోలర్ల నడుమ, గాలి బుడగ మిగలకుండా అతికించి, పైన తేమనాపే మరో రేకు పరచి, అంచులు మూసివేస్తారు. అడుగు పలకలో విద్యుత్తు దిశ మారగానే నల్లని రేణువులు పైకి తేలి అక్షరమై కనిపిస్తాయి. విద్యుత్తు ఆగినా అక్కడే నిలుస్తాయి.

కొత్తగా పుట్టిన నలుపేదీ లేదు కనుక మీమాంసకుడే గెలిచినట్టు తోస్తుంది. అయితే రేణువు అక్షరం కాదు. అదే నలుపు 'క' కాగలదు, 'మ' కాగలదు. అక్షరమంటే అమరిక, అమరిక మాత్రం ఆ క్షణాన ఏర్పడినదే. మీమాంసకులకూ ఈ చిక్కు తెలుసు. వర్ణాల ఆనుపూర్వి, అంటే ఒకదాని వెంట ఒకటి వచ్చే వరుస, పలికేవానిని బట్టి ఉంటుందని ఒప్పుకొని, వేదంలో మాత్రం ప్రతి గురువూ తన గురువు వద్ద విన్న వరుసనే చెప్పాడని సమాధానమిచ్చారు.

ఆ సమాధానం వెనుక ఎంత శ్రమ ఉందో కోనసీమ అగ్రహారాలలో తెలుస్తుంది. గోదావరి పాయల నడుమ తేమకు, పురుగుకు తాటాకు గ్రంథం చివికిపోవచ్చు; కాని తైత్తిరీయమనే వేదశాఖ అక్కడ గ్రంథం మీద ఆధారపడలేదు. చూచి చదివేవానిని ఉచ్చారణ శాస్త్రమైన పాణినీయ శిక్ష అధమ పాఠకులలో చేర్చింది. పదాలను ముందుకూ వెనక్కూ తిప్పి చెప్పే ఘనపాఠంలో ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, మళ్ళీ ఒకటి రెండు మూడు అన్న వరుసలో మూడు పదాలు కలిసి మొత్తం 13 సార్లు నోట పలుకుతాయి. ఒక పదం జారితే తరువాతి మలుపులో సంధి గాని, స్వరం గాని పట్టిస్తుంది. తెరలో పొరలు రేణువులను కాచినట్టే క్రమ, జట, ఘన అనే ఇలాంటి పాఠ పద్ధతులు వరుసను కాస్తాయి.

తెర వెనుక చిప్ ఆజ్ఞ లేనిదే అక్షరం రాదు గనుక కర్త ఉండి తీరాలని నైయాయికుడు మళ్ళీ అడుగుతాడు. కాని చిప్ రచించదు, అందినదానిని అందిస్తుంది. తానందించేది ఏమిటో దానికి తెలియదు. సంత చెప్పే గురువు, అంటే శిష్యునిచేత మాటవెంట మాట పలికించేవాడు, మాత్రం ఒక్క స్వరం తప్పినా విని ఆగి, పనసను, అంటే 50 పదాల ఆ పాఠభాగాన్ని, మొదటి నుండి మళ్ళీ చెప్పిస్తాడు.