సర్పయాగము నాపిన బాలుడు

భారతకథ ఏ సందర్భమున లోకమునకు వినిపింపబడినదో మనము తరచుగా మరచిపోవుచుందుము. తండ్రిని చంపిన పగ తీర్చుకొనుటకై సర్పయాగము తలపెట్టిన జనమేజయ మహారాజునకు, ఆ యాగ సందర్భముననే వైశంపాయన మహర్షి దానిని వినిపించెను. మన తెనుగున నన్నయ భట్టారకుడు రచించిన ఆదిపర్వములో ఈ వృత్తాంతమంతయు కలదు. దేశముపై ముష్కరులు దెబ్బతీసినప్పుడెల్ల ఆస్తికులు ఒకసారి స్మరింపదగిన కథ ఇది.

పరీక్షిన్మహారాజు ముని శాపమునకు గురియై ఒంటిస్తంభపు మేడలో కట్టుదిట్టమైన కాపుదలతో నుండెను. తక్షకుడు ఎదుటపడి యుద్ధము చేయలేదు. ఫలములో పురుగై చేరి, కపటముతో లోనికి ప్రవేశించి రాజును కాటువేసెను. నాడు బాలుడైన జనమేజయుడు పెరిగి పెద్దవాడై ఆ సంగతి వినినప్పుడు ఆయన హృదయము మండుట సహజము. ఆ క్రోధమును తప్పుపట్టుట ఎవరి తరము? అయితే ఆ సంగతిని రాజు చెవిని వేసి పురికొల్పినవాడు ఉదంకుడు. గురుదక్షిణగా తెచ్చుచున్న కుండలములను తక్షకుడు అపహరించినందున ఆయనకు తక్షకునిపై సొంత పగ కలదు. రాజు దుఃఖము నిజమైనది. ఆ దుఃఖమును తన పగకు వాడుకొనినవాడు వేరొకడు. ఈ భేదమును పాఠకులు మనసున నుంచుకొనవలెను.

దోషి తక్షకుడొక్కడే. కాని హోమకుండమున పడినవి వేలకొలది సర్పములు. తక్షకునకు ఇంద్రుడు ఆశ్రయమిచ్చెనని తెలియగానే ఇంద్రునితో కూడ వానిని హోమము చేయుటకు ఋత్విజులు సిద్ధపడిరి. క్రోధమునకు హద్దు లేదనుటకు ఇంతకంటె నిదర్శనము కావలెనా? ఆ సమయమున ఆస్తీకుడను మునిబాలుడు యాగశాలకు వచ్చెను. ఆయన తండ్రి జరత్కారు మహర్షి, తల్లి నాగకన్య. రెండు కులముల రక్తమును ఆయనలో కలదు. ఆయన ఆయుధము పట్టలేదు, రాజును నిందింపలేదు. రాజు సద్గుణములను కొనియాడి, వరమడిగి, యాగమును మాన్పించెను. ఇచ్చిన మాటకు కట్టుబడి అగ్నిని చల్లార్చిన జనమేజయుని కీర్తి దానివలన తరుగలేదు, పెరిగినది.

ఆదిపర్వములోనే రురుడను మునికుమారుని కథయు కలదు. తన ప్రియురాలిని పాము కరచినదని అతడు కనబడిన పామునెల్ల చంపుచుండెను. ఒకనాడు విషము లేని డుండుభము కనబడగా దానిపై కర్ర యెత్తెను. కరచినది వేరొక పాము, నేను నీకేమి అపకారము చేసితినని అది ప్రశ్నించినది. రురునికి సమాధానము లేకపోయెను.

నేటి లోకమునకు వత్తము. 2001 సెప్టెంబరు 11న అమెరికాలో విమానములను చేజిక్కించుకొని సుమారు మూడువేలమందిని బలిగొనిన పందొమ్మిదిమందిలో ఆఫ్ఘన్ దేశస్థుడు ఒక్కడును లేడు. కుట్రదారులకు ఆ దేశపు పాలకులు ఆశ్రయమిచ్చిరన్నది నిజమే. అక్టోబరు 7న ఆ దేశముపై యుద్ధము మొదలైనది. అది 2021 ఆగస్టు వరకు సాగినది. అది ముగియునాటికి, మొదట గద్దె దింపబడిన తాలిబానులే మరల గద్దెనెక్కిరి. నడుమ ఎన్ని వేల డుండుభములు కాలిపోయినవో!

మన దేశమునకును గాయములు తక్కువ కాదు. 2007 ఆగస్టు 25న హైదరాబాదులో లుంబినీ పార్కునందు, కోఠిలోని గోకుల్ చాట్ వద్ద బాంబులు పేలినవి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ వంతు వచ్చినది. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మంది నేలకొరిగిరి. మే 7 నుండి 10 వరకు నడచిన సంఘర్షణలో సరిహద్దు గ్రామముల గృహస్థులును ఫిరంగి గుండ్లకు బలియైరి. వారు తక్షకులు కారు.

మరి దోషిని విడిచిపెట్టుమందురా యని ఆవేశపరులు అడుగుదురు. శాస్త్రము అట్లు చెప్పలేదు. దుష్టశిక్షణము రాజధర్మము. అయితే దండమనగా యుద్ధమొక్కటే కాదు. 2008 నవంబరు 26న పదిమంది సాయుధులు సముద్రమార్గమున ముంబయికి వచ్చి 166 మందిని పొట్టనపెట్టుకొనిరి. లాఠీ మాత్రమే చేతనున్న తుకారాం ఓంబ్లే యను పోలీసు అధికారి, తన ప్రాణమర్పించి వారిలో ఒకనిని సజీవముగా పట్టుబడజేసెను. దేశము నాడు యుద్ధమునకు పోలేదు. పట్టుబడిన కసబ్‌ను బహిరంగముగా విచారించి, ఉన్నత న్యాయస్థానము, సుప్రీంకోర్టు వరకు అతనికి వాదించుకొను అవకాశమిచ్చినది. 2012 నవంబరు 21న శిక్ష అమలు జరిగినది. ఆ వ్యాజ్యములోనే, సాక్ష్యము చాలదని ఇద్దరు భారతీయ నిందితులను న్యాయస్థానము 2010లో నిర్దోషులుగా విడిచిపెట్టినది. ఇది గమనింపదగినది. తక్షకునకు, డుండుభమునకు గల భేదమును న్యాయపీఠము తెలిసికొనగలదు. యుద్ధాగ్నికి ఆ వివేకము లేదు.

న్యాయము నెమ్మదిగా నడచును. అయినను ఆగదు. ముంబయి కుట్రలో నిందితుడైన తహవ్వూర్ రాణాను పదునారేండ్లు గడచిన తరువాత, 2025 ఏప్రిల్‌లో, అమెరికా మన దేశమునకు అప్పగించినది. ఉగ్రవాదమునకు చేరు ధనమును అరికట్టుటకు ఎఫ్.ఏ.టి.ఎఫ్. అను అంతర్జాతీయ సంఘము కలదు. అది 2018 జూన్ నుండి 2022 అక్టోబరు వరకు పాకిస్తానును తన పరిశీలనా జాబితాలో నుంచినది. ఆ నడుమనే, 2020లో, లష్కరే తోయిబా స్థాపకుడు హఫీజ్ సయీదుకు ఆ దేశపు న్యాయస్థానమే ఉగ్రవాదమునకు ధనసహాయము చేసెనన్న నేరముపై శిక్ష విధించినది. ఒక్క తుపాకి పేలకుండ జరిగిన పని ఇది. సామ దాన భేద దండములలో దండమును చివర నిలిపిన పెద్దలు పిరికివారు కారు. సాక్షాత్తు శ్రీకృష్ణ పరమాత్మయే అయిదూళ్లయిననిమ్మని అడుగుటకు కౌరవసభకు రాయబారియై వెళ్లెను గదా!

పాఠక మహాశయులారా! దేశమును నడపువారి నిర్ణయములు మన చేతిలో లేకపోవచ్చును. మన నాలుక మన చేతిలోనున్నది. దుర్వార్త వినినప్పుడు ఉదంకుని వలె నిప్పు రాజేయకుడు. ఒకని నేరమును అతని మతమువారికెల్ల అంటగట్టకుడు. మన వీథిలోని అన్యమతస్థుడు ఆ దినమున తలవంచుకొని నడువవలసిన స్థితి వచ్చినచో, అది మన ఊరి పాపము. మృతుల కుటుంబములను పరామర్శించి, చేతనైన సహాయము చేయుడు. పుత్రశోకముతో నున్న ద్రౌపది, బంధించి తెచ్చిన అశ్వత్థామను చూచి, తనవలె అతని తల్లియు ఏడువరాదని ప్రాధేయపడినట్లు భాగవతము చెప్పుచున్నది. ఐదుగురు కుమారులను కోల్పోయిన తల్లి ఆ మాట అనగలిగినప్పుడు, ఇంట సురక్షితముగా కూర్చున్న మనము యుద్ధము కావలెనని కేకలు వేయుట తగునా?

మనమందరము ఆస్తికులమని చెప్పుకొనుచున్నాము. పూజాంతమున శాంతి పదమును ముమ్మారు పలుకుచున్నాము. ఆ పలుకు నిజము కావలెనన్న, నిప్పు రగిలిన చోట ఆస్తీకుని పని చేయువారు ఊరికి ఒక్కరైనను ఉండవలెను. అట్టి బుద్ధిని, ధైర్యమును సర్వేశ్వరుడు మనకు ప్రసాదించుగాక!