భోగం ఒకరిది, భారం అందరిదా?

పన్ను లెక్కకు సంబంధించినదనీ, నీతి మనస్సుకు సంబంధించినదనీ మనం మామూలుగా వేరుచేసి చూస్తాము. ఏప్రిల్ నెలలో పన్ను కాగితాలు ముందు వేసుకుని కూర్చున్నప్పుడు మాత్రం రెండూ ఒకచోట కలుస్తాయి. మనలో స్వంత ప్రాక్టీసు ఉన్న డాక్టర్లున్నారు, కన్సల్టింగు చేసే ఇంజనీర్లున్నారు, చిన్న కంపెనీలు నడిపేవారున్నారు. కనుక ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు: వ్యాపారం పేరిట జరిగే వినోదాన్ని, అందులోనూ పెద్దలకు మాత్రమే ప్రవేశముండే క్లబ్బుల వినోదాన్ని, ఆదాయంలోంచి ఖర్చుగా తీసివేసుకోవడం న్యాయమేనా?

అమెరికాలో ఇది చాలాకాలం చెల్లింది. ఈ మినహాయింపును ఎత్తివేయమని 1961లో అధ్యక్షుడు కెనెడీ కాంగ్రెసును కోరాడు. కాంగ్రెసు 1962లో రసీదులు ఉంచాలనీ, వ్యాపారంతో సంబంధం చూపాలనీ షరతులు పెట్టి ఊరుకుంది. నైట్‌క్లబ్బు సందడిలో వ్యాపార చర్చ సాగదని నిబంధనలే ఒప్పుకున్నాయి. అయినా అసలు చర్చ దానికి ముందో వెనుకో జరిగిందంటే బిల్లు చెల్లేది. 1976 ఎన్నికలలో జిమ్మీ కార్టర్ మార్టినీ విందులను ఎత్తిపొడిచాడు. 1986 చట్టం ఈ మినహాయింపును 80 శాతానికి, 1993 చట్టం 50 శాతానికి దించాయి. చివరకు 2017 డిసెంబరులో చేసిన చట్టం 2018 నుంచి వినోదానికి మినహాయింపును పూర్తిగా తీసివేసింది. వ్యాపార సంబంధమైన భోజనానికి సగం మాత్రం మిగిలింది.

ఈ శాతాల అర్థమేమిటో చూద్దాం. 1980ల మొదట్లో పెద్ద కంపెనీలపై పన్ను 46 శాతం. అటువంటి కంపెనీ వెయ్యి డాలర్లు వినోదానికి ఖర్చుపెట్టి అదంతా లెక్కలో చూపితే 460 డాలర్ల పన్ను తగ్గేది. ఆ లోటును ఎప్పుడూ ఆ గడప తొక్కని నర్సూ, బస్సు డ్రైవరూ, బడిపంతులూ పూడ్చాలి. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే.

అది పాపపు ఖర్చు కనుక చెల్లకూడదని కొందరు మిత్రులు అంటారు. ఫలితం మంచిదే గాని ఆ కారణం మాకు సమ్మతం కాదు. చట్టవిరుద్ధంగా పందేలు కట్టించుకునే వారు సైతం తాము చెల్లించిన అద్దెనూ జీతాలనూ ఖర్చుగా చూపవచ్చునని సుప్రీంకోర్టు 1958లోనే చెప్పింది. ఆదాయపు పన్ను నికరాదాయంపై వేసేదే తప్ప తప్పులకు విధించే శిక్ష కాదని 1966లో మరొక తీర్పులో స్పష్టం చేసింది. మాదకద్రవ్యాల వ్యాపారం విషయంలో 1982లో కాంగ్రెసు ప్రత్యేకంగా చట్టం చేయవలసివచ్చింది. పన్నుల అధికారిని ధర్మాధికారిని చేస్తే ఈ రోజు క్లబ్బు, రేపు ఆయనకు నచ్చని మరొకరి ఆచారం. పరాయిదేశంలో కొద్దిమందిగా బ్రతికే మనం ఈ ప్రమాదాన్ని ఇతరులకంటె బాగా గ్రహించాలి.

అసలు కారణం వేరే ఉంది. ఆదాయం సంపాదించడానికి అయినది ఖర్చు. సంపాదించినదాన్ని అనుభవించడం భోగం. సర్జను కత్తి ఖర్చు. సర్జను చూసిన నాటకం భోగం. ఈ కొలతతో చూస్తే ఆ క్లబ్బులో నాట్యం చేసే స్త్రీ వృత్తికి అయ్యేది నిజమైన ఖర్చే. అటువంటి ఒక నర్తకి వృత్తికోసం చేయించుకున్న శస్త్రచికిత్స ఖర్చును 1994లో టాక్స్ కోర్టు ఒప్పుకుంది. విని నవ్వినవారున్నారు గాని, ఆ తీర్పులో తప్పులేదు. కన్యాశుల్కంలో మధురవాణి ఇంటికి వచ్చిపోయే పెద్దమనుషులకంటె ఆమే నిజాయితీగల మనిషని మనకు గురజాడవారు ఏనాడో చూపించారు. సందేహించవలసింది ఆమె లెక్కను కాదు, ఎదుట కూర్చుని చూసి, దాన్ని పని అని రాసుకున్నవారి లెక్కను.

ఇంకొక అన్యాయం కూడా ఉంది. ఒప్పందాలు అటువంటి చోట కుదిరితే ఆఫీసులోని స్త్రీలు బయటే మిగిలిపోతారు. 2004లో ఒక పెద్ద వాల్‌స్ట్రీట్ సంస్థ, స్త్రీలపట్ల వివక్ష చూపిందన్న దావాలో 5 కోట్ల 40 లక్షల డాలర్లకు రాజీపడింది. మగవారు మాత్రమే కస్టమర్లతో అటువంటి క్లబ్బులకు వెళ్లడం ఆ దావాలోని ఆరోపణలలో ఒకటి. మన ఆడపిల్లలు ఈనాడు అటువంటి ఆఫీసులలోనే పనిచేస్తున్నారు. తమను రానివ్వని గది బిల్లులో వారి పన్ను కూడా భాగం కావడమా?

కస్టమరు కోరితే కాదనలేమని వ్యాపారులు అంటారు. చట్టం కాదనమనడంలేదు, తమ డబ్బుతో చేసుకోమంటున్నది.

అయితే ఈ న్యాయం మనకూ వర్తిస్తుంది. కస్టమరును కూచిపూడి ప్రదర్శనకు తీసుకువెళ్లినా, బేస్‌బాల్ ఆటకు తీసుకువెళ్లినా ఇప్పుడు మినహాయింపు లేదు. మనది సంస్కృతి, వారిది విలాసం అని వాదించడం మనకు తగదు. మిగిలిన భోజనపు బిల్లు విషయంలో కూడా, స్నేహితులతో తిన్నదానికి వెనుక ఒక కస్టమరు పేరు రాసేముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం: ఇరుగుపొరుగు పంచుకోకపోయినా ఈ ఖర్చు పనికోసమే చేసి ఉండేవారమా? అవునన్నప్పుడే రాద్దాం.