చెరలోనుండి వచ్చిన ఉత్తరము

ధ్యాన భాగము: ఫిలేమోను 1–25



యుద్ధములో పట్టుబడిన సైనికునికి ఆయుధము పోవును, స్వేచ్ఛ పోవును; అయినను ఇంటికి ఉత్తరము వ్రాసికొను హక్కు మిగిలియుండును. 1929లో జెనీవా పట్టణమున దేశములు చేసికొన్న ఒడంబడిక ప్రకారము, ఖైదీ శిబిరము చేరిన వారము దినములలోగా తాను పట్టుబడితిననియు, తన ఆరోగ్యము ఎట్లున్నదనియు తెలుపు కార్డు వ్రాయనియ్యవలెను. పరిమితి పెట్టినను అది నెలకు 2 ఉత్తరములకును 4 కార్డులకును తగ్గరాదని 1949 నాటి ఒడంబడిక చెప్పుచున్నది. వాటికి తపాలా బిళ్ల అక్కరలేదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున జర్మనీ శిబిరములలో ఖైదీలకిచ్చిన కాగితము మన ఇన్‌లాండు ఉత్తరము వలె మడిచి పంపునది. గీతలు ముందే అచ్చువేసియుండెడివి. ఆ గీతలలోనే చెప్పదలచినదంతయు చెప్పవలెను. అధికారులు చదివి ముద్ర వేసిన పిమ్మటనే అది కదలును. జపానువారి చెరలోనున్న వారికైతే, ఇంటివారు 25 మాటలకు మించి వ్రాయరాదను నియమము ఆ యుద్ధములోనే వచ్చెను.

25 మాటలే! ఒక తల్లి వాటిలో ఏమి వ్రాయును? ఇరుగుపొరుగువారి తగవులు వ్రాయునా? వ్రాయదు. అందరము క్షేమమనియు, నీకొరకు కనిపెట్టుకొని యున్నామనియు వ్రాయును. చోటు తగ్గినకొలది హృదయములో ముఖ్యమైనదే పైకి వచ్చును.

అపొస్తలుడైన పౌలును బంధకములలోనుండి వ్రాసెను. ఫిలేమోనుకు వ్రాసిన పత్రిక మన బైబిలులో 25 వచనములే. అంత చిన్న ఉత్తరములో తన సంకెళ్లు విప్పించుమని అతడు అడుగలేదు. ఒనేసిము అను దాసుని సహోదరునిగా చేర్చుకొనుమనియు, అతని బాకీ ఏదైన నున్నయెడల తన లెక్కలో వేయుమనియు బ్రతిమాలెను. తనకు బస కావలెనన్న సంగతి ఉత్తరము చివరకు గాని రాలేదు. చెరలోనున్నవాడు మరియొకని విడుదలకొరకు తన కాగితమును వాడెను.

మన సంగతి ఏమి? మనకు కాగితము కరవు లేదు. మన మాటలు లెక్కించువాడు లేడు. అయినను పొలముగట్టు తగవు వలన ఏండ్ల తరబడి పలుకరించుకొనని అన్నదమ్ములు మన సంఘములలో లేరా? ఒకే ప్రభువు బల్లయొద్దకు వచ్చి, వేర్వేరు దారులను ఇండ్లకు పోవుట లేదా? కాపలావాడు లేని చెరలో మనలను మనమే బంధించుకొనియున్నాము. ఆ తలుపునకు లోపలనే గడియ యున్నది.

కాబట్టి రాబోవు ప్రభురాత్రి భోజనమునకు ముందు మనలో ప్రతివాడును ఒక్క చిన్న ఉత్తరము వ్రాయుదము. వ్రాయ నేర్వనివారు నడచిపోయి నోటితో చెప్పుదము. తప్పెవరిదని విచారించుటకు అందులో చోటు పెట్టవద్దు. క్షేమమడిగి, రమ్మని పిలుచుటకు 25 మాటలు చాలును. మన బాకీ తన లెక్కలో వేసికొనిన ప్రభువు మనకు ఆ ధైర్యము ననుగ్రహించును గాక. ఆమేన్.